గోడకు పట్టిన మసి: 2018 సినిమాల్లో నేను మెచ్చిన కళాదర్శకత్వం

(కళాదర్శకుడు మాధవపెద్ది గోఖలే స్మృతిలో చేసిన ఉపన్యాసం)



గోఖలే గారి పేరెత్తగానే సాహిత్యం వాళ్లకు ఆయన కథలు గుర్తొస్తాయి, సినిమా వాళ్లకు ‘మాయాబజార్’ గుర్తొస్తుంది. గుంటూరు జిల్లా నుంచి మద్రాసు వెళ్లి బొమ్మలు వేయడం నేర్చుకున్న మనిషి ఆయన. పల్లెటూరి పేదవాళ్ల మీద కథలు రాశాడు. అదే చేత్తో విజయా వారి ‘పాతాళభైరవి’కీ ‘మాయాబజార్’కీ కళాధర్ గారితో కలిసి కోటలు, కొలువుకూటాలు, రాక్షసుల గుహలు గీశాడు. ఈ రెండు పనులకూ పొంతన లేదనుకునేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం పొంతన కనిపిస్తుంది. కథకుడిగా ఆయన ఏ ఇంట్లో ఏ సామాను ఉంటుందో గమనించిన మనిషి. ఆ గమనింపే సెట్టు మీదికీ వచ్చింది.

‘మాయాబజార్’లో పెళ్లివారి విడిది దృశ్యం మీ అందరికీ కంఠతా వచ్చే ఉంటుంది. కౌరవుల తరఫున వచ్చిన శర్మ, శాస్త్రులను మాయా విడిదిలో మంచం గిరగిరా తిప్పేస్తుంది, కంబళి తనంతట తానే చుట్టుకుపోతుంది. అక్కడ నవ్వు పుట్టించేది నటులు సగం, సామాను సగం. కె.వి.రెడ్డి గారి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లీ కెమెరా అని మనం ఇన్నాళ్లూ చెప్పుకుంటూనే ఉన్నాం. వెన్నెల్లో ద్వారకానగరం కనబడే షాటు కోసం 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు జాగాలో 300 చిన్న చిన్న ఇళ్లు పేర్చి, వాటిలో దీపాలు వెలిగించారని కూడా చెప్పుకుంటాం. ఆ ఇళ్లు చేసిన వడ్రంగుల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. ఈ మాట దగ్గరకు చివర్లో మళ్లీ వస్తాను.

ఈ ఉపన్యాసానికి నేను ఎంచుకున్న పని చిన్నది. ఒక్క సంవత్సరం తీసుకుని, ఆ ఏడాది వచ్చిన సినిమాల్లో ఏయే సినిమాల కళాదర్శకత్వం నాకు నచ్చిందో, ఎందుకు నచ్చిందో చెబుతాను. ఆ సంవత్సరం 2018. ఎందుకు 2018 అంటే, మొదటి కారణం, విడుదలనాటి హడావిడి చల్లారింది. ఎన్ని కోట్ల సెట్టు, ఎంతమంది పనివాళ్లు అనే పోస్టర్ మాటలు ఇప్పుడు ఎవరికీ పట్టవు. రెండో కారణం, ఆ ఏడాది మన సినిమాలకు నంది అవార్డులే లేవు. 2016 చిత్రాల తర్వాత ఆ వరస ఆగిపోయింది. తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ పేరిట అవార్డులు మొదలుపెట్టి పాత సంవత్సరాలను కూడా లెక్కలోకి తీసుకుంది కానీ, వాటికి ఉత్తమ చిత్రాలను ప్రకటించిందే తప్ప శాఖలవారీగా వెళ్లలేదు. అంటే 2018లో తెలుగు సినిమాకు సెట్టు వేసిన వాడి పనిని మన రాష్ట్ర ప్రభుత్వాలేవీ తూకం వేయలేదు. నేను వేసే తూకం సొంత తూకం. మీకు నచ్చకపోతే ప్రశ్నల వేళలో నిలదీయండి.

నేను ఏం చూస్తానో ముందే చెప్పడం న్యాయం. స్టూడియోలో గోడ లేపడం పెద్ద రహస్యమేమీ కాదు. చెక్క ఫ్రేము కొట్టి, ప్లైవుడ్ బిగించి, పైన గోనెగుడ్డో ప్లాస్టర్ ఆఫ్ పారిసో పట్టించి, రంగు వేస్తారు. సాయంత్రానికి గోడ నిలబడుతుంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. దీపం పెట్టే గూడు పైన మసి ఎంత ఎత్తుకు పాకాలి? అరుగు మీద రోజూ కూర్చునే ముసలాయన తల ఆనించే చోట నూనె మరక ఎక్కడ పడాలి? గడప నడిమధ్యలో అరిగిందా, అంచున అరిగిందా? తలుపు గొళ్లెం దగ్గర చెక్క నున్నబడిందా? దండెం కట్టిన మేకు చుట్టూ సున్నం పెచ్చు రాలిందా? ఇవి ప్రేక్షకుడు వెతికి చూడడు. కానీ ఇవి లేని ఇంట్లో నటుడు అతిథిలా నిలబడతాడు, ఉన్న ఇంట్లో చెయ్యి దానంతటదే గొళ్లెం మీదికి పోతుంది. ఆ ఇంట్లో ఎవరైనా కాపురం చేశారా అన్నదే నా మొదటి ప్రశ్న. ఎంత ఎత్తు కట్టారన్నది నేను ఆలస్యంగా అడుగుతాను, ఒక్కోసారి అడగను కూడా.

అందుకే ఆ ఏడాది జనవరిలో వచ్చిన ‘పద్మావత్’ నా జాబితాలో లేదు. దాని కళాదర్శకులు సుబ్రత చక్రవర్తి, అమిత్ రే పనితనాన్ని తక్కువ చేయడం లేదు. స్తంభాలు, తెరలు, దీపాల వరసలు అన్నీ ముచ్చటగా ఉన్నాయి. అయితే చిత్తోడ్ అంతఃపురంలో ఒక్క దిండు కూడా ఒకరు ఆనుకుని లేచినట్టు నలగలేదు. దర్శకుడు భన్సాలీ గారికి అదే కావాలి, ఆయన లోకం అలాంటిది. నాకు కావలసింది మరొకటి. డిసెంబరులో వచ్చిన ‘కె.జి.ఎఫ్.’ మొదటి భాగంలో కళాదర్శకుడు శివకుమార్ కోలారు గనుల దగ్గర నిజమైన సైనైడ్ దిబ్బల మధ్య పెట్టిన బానిసల లోకం కండ ఉన్న పని. దుమ్ము, చెమట, ఇనుము తెరమీద తెలిశాయి. కాకపోతే ప్రతి షాటూ హీరో రాక కోసం కాచుకుని కూర్చున్నట్టుంటుంది. గనిలో పనిచేసేవాడు రాత్రి ఎక్కడ పడుకుంటాడో చూపడానికి ఆ సినిమాకు తీరిక లేదు.

ఇక నచ్చినవాటిలోకి వస్తాను.

ముందు మన ఇంటి సినిమా. ‘రంగస్థలం’ 2018 మార్చి 30న వచ్చింది. కళాదర్శకులు రామకృష్ణ, మౌనిక భార్యాభర్తలు. దర్శకుడు సుకుమార్ కథ 1980ల నాటి గోదావరి పల్లెది. కొంత భాగం గోదావరి ప్రాంతంలో తీసి, ఊరిని హైదరాబాద్ శివార్లలో సెట్టుగా లేపారు. మన సినిమాల్లో పల్లె అంటే చాలాకాలంగా ఒకే మూస: ముగ్గు, తులసికోట, ఎడ్లబండి, పచ్చటి చేను, మధ్యలో తెల్లటి పంచెల పెద్దమనిషి. ‘రంగస్థలం’ పల్లెలో ఇళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. పూరికప్పు పక్కనే పెంకుటిల్లు, ఆ పక్కన సగం కట్టి ఆపేసిన గోడ. ఇంటి ముందు చోటు లేక వీధే వాకిలి అవుతుంది. అందువల్ల ఈ ఊళ్లో మాట దాగదు. కథానాయకుడు చిట్టిబాబుకు చెవులు సరిగా వినపడవు, అతను నలుగురూ వినేట్టు గట్టిగా మాట్లాడతాడు. ఇరుకు వీధుల ఊళ్లో అటువంటి మనిషిని పెట్టడం కథ తెలివి, ఆ ఇరుకును నిజంగా కట్టడం కళాదర్శకుల తెలివి.

ఊరి ప్రెసిడెంటు ఇంటి సంగతి చూడండి. ఊరంతా నేలకు అంటుకుని ఉంటే ఆ ఇల్లొక్కటే ఎత్తు మీద ఉన్నట్టు తోస్తుంది. ఆ ఇంటి ముందుకొచ్చిన మనిషి నడక మారిపోతుంది. ముప్పై ఏళ్లుగా ప్రెసిడెంటు పదవిని ఏలుతున్నవాడి గురించి మాటల్లో చెప్పేకంటే, ఆ ఇంటికీ మిగతా ఊరికీ మధ్య వదిలిన ఖాళీలో ఎక్కువ తెలిసింది. సొసైటీ అప్పుల కాగితాలు, చిట్టిబాబు నీళ్ల ఇంజను, సైకిళ్లు, లాంతర్లు, అన్నీ వాడిన వస్తువుల్లాగే ఉన్నాయి. నా ఫిర్యాదు ఒక్కటే. పాటలు వచ్చేసరికి ఊరికి కొత్త బట్టలు తొడిగినట్టు రంగు చిక్కనవుతుంది. రత్నవేలు కెమెరా అందాన్ని నేను కాదనను కానీ, ఆ నాలుగు నిమిషాలు పల్లె పల్లెగా ఉండటం మానేసి తనను తాను చూపించుకుంటుంది.

పల్లె సెట్టు వేయడం కోట సెట్టు వేయడం కంటే కష్టం. మన పరిశ్రమకు పెద్ద కట్టడాలు కట్టడం కొట్టిన పిండి. ‘ఒక్కడు’ కోసం అశోక్ చార్మినార్ కట్టారు. ‘అర్జున్’ కోసం తోట తరణి మధుర మీనాక్షి గుడి కట్టారు. ‘బాహుబలి’కి సాబు సిరిల్ మాహిష్మతినే నిలబెట్టారు. చార్మినార్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, కొలత తప్పకపోతే పని అయినట్టే. మాహిష్మతి ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు, అక్కడ తప్పు పట్టేవాడే లేడు. పల్లె విషయంలో హాల్లో కూర్చున్న సగం మంది తప్పు పట్టగలరు. పొయ్యి ఏ మూల ఉండాలో, గేదెను ఎక్కడ కట్టాలో వాళ్లకు తెలుసు. ఆ పరీక్షలో నెగ్గిన సెట్టు కాబట్టి ‘రంగస్థలం’కు నా జాబితాలో పైవరసలో చోటిచ్చాను.

ఆ ఏడాదే సెప్టెంబరులో ‘కేరాఫ్ కంచరపాలెం’ వచ్చింది. వెంకటేష్ మహా విశాఖపట్నంలోని కంచరపాలెంలోనే, ఎక్కువగా అక్కడి మనుషులతోనే తీసిన సినిమా. సెట్టు అన్నదే లేని సినిమాను ఈ జాబితాలోకి ఎందుకు లాగుతున్నావని మిత్రుడొకరు అడిగారు. ఏ సందులో నిలబడాలో, ఏ ఆఫీసు గదిలో బల్లను అలాగే వదిలేయాలో నిర్ణయించడం కూడా ఈ శాఖ పనే. ఉన్నదాన్ని చెడగొట్టకుండా వదిలేయడానికి నిగ్రహం కావాలి. దానికి పోటీలో స్థానం ఇవ్వను కానీ, ప్రస్తావించకుండా దాటలేను.

‘మహానటి’ దగ్గర నాకు కొంచెం ఎక్కువ పని ఉంది, ఎందుకంటే అది నేరుగా గోఖలే గారి ఇంట్లోకి వచ్చిన సినిమా. నటి సావిత్రి జీవితం మీద తీసిన ఈ సినిమా నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2018 మే 9న విడుదలైంది. కళాదర్శకుడు కొల్లా అవినాష్, కొన్ని ప్రత్యేకమైన సెట్లకు తోట తరణి గారు కూడా పనిచేశారు. కీర్తి సురేష్‌కు జాతీయ ఉత్తమ నటి అవార్డు, సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రం, ఇంకా దుస్తుల రూపకల్పనకు జాతీయ అవార్డు వచ్చాయి. చీరలకు వచ్చింది, గోడలకు రాలేదు.

అందులో ‘మాయాబజార్’ షూటింగ్ నాటి ఘట్టం ఉంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో దూరి అద్దం ముందు అల్లరి చేసే పాటను సావిత్రి ఎలా చేసిందో చూపిస్తారు. ఇప్పుడు అవినాష్ బృందం ముందున్న చిక్కు ఆలోచించండి. 1957లో వచ్చిన సినిమాకు గోఖలే, కళాధర్ వేసిన సెట్టును మళ్లీ వేయాలి. ఆ సెట్టు మనకు తెలుపు నలుపుల్లోనే తెలుసు. స్తంభానికి ఏ రంగు వేశారో, తెర ఏ రంగో, గచ్చు ఏ రంగో ఫిల్ము చెప్పదు. ఆ రోజుల్లో సెట్టుకు రంగు వేసేటప్పుడు కంటికి ఎలా ఉందన్నది రెండో మాట, ఫిల్ము మీద ఎంత నలుపుగా, ఎంత బూడిదగా పడుతుందన్నది మొదటి మాట. పక్కపక్కన ఉన్న ఎరుపూ ఆకుపచ్చా తెరమీద ఒకే బూడిదరంగులో కలిసిపోతే నటి గోడలో మునిగిపోతుంది. కనుక ఆనాటి సెట్టు రంగుల్లో చూస్తే వింతగా ఉండి ఉండవచ్చు. 2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది విడుదల చేసినప్పుడు పనిచేసిన వాళ్లకూ ఇదే చిక్కు, వాళ్లూ ఊహించే వేశారు. ‘మహానటి’ బృందం ఒక అడుగు ముందుకెళ్లింది. సెట్టును మాత్రమే కాక, సెట్టు వెనుక భాగాన్ని కూడా కట్టింది. లైట్ల స్టాండ్లు, వైర్లు, కెమెరా వెనుక కుర్చీలు, చెక్క పట్టీలు కొట్టిన సెట్టు వీపు కనిపిస్తాయి. రాజమందిరం ముందువైపు ఎంత వెలుగుతుందో, దాని వెనుక ఉన్న వడ్రంగి పని ఎంత మొరటుగా ఉంటుందో ఒకే షాటులో తెలుస్తుంది. సావిత్రి జీవితం గురించి ఆ సినిమా చెప్పదలచుకున్నదీ దాదాపు అదే కదా.

‘మాయాబజార్’ తీసిన విజయా వాహినీ స్టూడియో ఇప్పుడు లేదు. వడపళనిలో ఆ జాగాలో మాల్ ఉంది, హోటల్ ఉంది. కాబట్టి ఆ స్టూడియో ఎలా ఉండేదో మన పిల్లలు చూడాలంటే ‘మహానటి’లాంటి సినిమాలే దిక్కు. ఒక లోపం కూడా చెప్పాలి. సావిత్రి ఇల్లు ఐశ్వర్యంలో ఉన్నప్పుడు ఎంత వివరంగా కట్టారో, ఆస్తి కరిగిపోతున్న రోజుల్లో అంత వివరంగా కట్టలేదు. సామాను తగ్గిందని చూపారు, సామాను లాగేసిన చోట గోడ మీద మిగిలే జాడ చూపలేదు. అల్మారా జరిపితే వెనుక రంగు వెలిసిపోని చతురస్రం ఒకటి మిగులుతుంది. ఆ చతురస్రం కోసం నేను వెతికాను.

ఆ జాడను అదే ఏడాది మెక్సికోవాడు చూపించాడు. ఆల్ఫోన్సో క్వారోన్ ‘రోమా’. కళాదర్శకుడు యుహేనియో కబల్యేరో, అంతకుముందు ‘పాన్స్ లాబిరింత్’కు ఆస్కార్ అందుకున్నవాడు. సెట్ డెకరేటర్ బార్బరా ఎన్రీకేస్. మెక్సికో నగరంలో రోమా అనే పేట, 1970–71 కాలం. ఒక మధ్యతరగతి కుటుంబం, ఆ ఇంట్లో పనిచేసే క్లియో అనే అమ్మాయి. క్వారోన్ తన చిన్ననాటి ఇంటిని జ్ఞాపకం మీద మళ్లీ కట్టించాడు. కూలగొట్టబోతున్న ఒక ఇంటిని తీసుకుని, లోపల గోడలు కదిలేట్టు మార్చి, బంధువుల ఇళ్లలో చెల్లాచెదురైన అసలు సామానును తిరిగి తెప్పించి సర్దారు. నేల పలకలు కూడా పాతవాటి నమూనాలో ప్రత్యేకంగా చేయించారు.

సినిమా ఆ పలకలతోనే మొదలవుతుంది. కారు నిలిపే సన్నటి నడవ, కుక్క పాడుచేసిన గచ్చు, బకెట్ల కొద్దీ నీళ్లు. ఆ నడవ వెడల్పే నా దృష్టిలో ఆ ఏడాది మొత్తం మీద గొప్ప డిజైన్. ఇంటాయన దగ్గర ఫోర్డ్ గాలక్సీ అనే భారీ కారు ఉంటుంది. దాన్ని ఆ నడవలోకి దూర్చడానికి ఆయన అంగుళం అంగుళం లెక్కపెడుతూ, అద్దం గోడకు తగలకుండా, ముందుకీ వెనక్కీ కదుపుతూ నానా తంటాలు పడతాడు. ఆ నడవకు ఆ కారు ఎక్కువ. ఆ కుటుంబానికి ఆ మనిషి హోదా ఎక్కువ. కొన్నాళ్లకు ఆయన ఇల్లు వదిలి వెళ్లిపోతాడు. భార్య సోఫియా అదే కారును గోడలకు రాసుకుంటూ గీసుకుంటూ లోపలికి తోలేస్తుంది. ఆ తర్వాత దాన్ని వదిలించుకుని చిన్న కారు కొంటుంది. సంసారం ఏమైందో చెప్పడానికి ఒక్క డైలాగూ అక్కర్లేదు. నడవ మరో రెండడుగులు వెడల్పుగా కట్టి ఉంటే ఈ కథ ఇలా చెప్పడం కుదిరేది కాదు.

సినిమా చివర్లో కుటుంబం సముద్రతీరం నుంచి తిరిగొచ్చేసరికి తండ్రి పుస్తకాల అరలు పట్టుకుపోయి ఉంటాడు. పుస్తకాలు నేల మీద కుప్పగా పడి ఉంటాయి. పిల్లల గదులు మారిపోతాయి. ‘మహానటి’లో నేను వెతికింది ఇక్కడ దొరికింది.

పనివాళ్ల సంగతి ఇంకా లోతు. ఇంటి వెనుక క్లియో, ఆదేలా ఉండే గదికి వేరే మెట్లుంటాయి. రాత్రి ఆ గదిలో కరెంటు వాడితే ఇంటివాళ్లకు కోపమని కొవ్వొత్తి వెలుగులో వ్యాయామం చేస్తారు. బట్టలు ఉతికే తొట్లు మిద్దె మీద ఉంటాయి, అక్కడికి ఇనుప మెట్లు. ఇంటి నట్టింట్లో వాళ్లు ఎప్పుడూ ఏదో పనిమీద వచ్చి వెళ్తుంటారే కానీ నిలబడే చోటు ఉండదు. టీవీ చూస్తున్న పిల్లల పక్కన క్లియో నేల మీద కాస్త కూర్చుంటుందో లేదో, అమ్మగారు ఏదో పని చెబుతుంది. మన ఇళ్లలోనూ పనిమనిషికి వేరే గ్లాసు, వెనక తలుపు ఉన్నాయి. మన సినిమాల్లో ఇన్ని బంగళాలు కట్టాం, ఆ వెనక తలుపు ఎక్కడుందో ఎన్నిసార్లు కట్టాం?

సినిమా మొత్తం తెలుపు నలుపుల్లో ఉంది. అంటే అరవై ఏళ్ల తర్వాత కబల్యేరోకు గోఖలే గారి లెక్కే మళ్లీ చేయాల్సి వచ్చింది. ఏ రంగు ఎంత బూడిదగా పడుతుంది, ఏ పలక మెరుస్తుంది, ఏ గోడ వెలుగును మింగేస్తుంది అని. ఇంటి బయట కూడా వాళ్లు ఆగలేదు. ఇన్సుర్‌హెంటెస్ అనే పెద్ద రోడ్డులో కొంత భాగాన్ని దుకాణాలతో, సినిమాహాలుతో సహా నగరం అంచున కొత్తగా కట్టారు. 1971 జూన్ 10న విద్యార్థుల మీద జరిగిన మారణకాండను క్లియో ఒక ఫర్నిచర్ దుకాణం పైఅంతస్తు నుంచి చూస్తుంది. పుట్టబోయే బిడ్డకు మంచం కొనడానికి వచ్చిన చోటది. అద్దాల కిటికీ బయట చరిత్ర, లోపల ధరల చీటీలు వేలాడే మంచాలు.

‘రోమా’ మన పక్కింటి సినిమాలా ఉంటే, ‘తుంబాడ్’ మన నేల కింద ఉన్న సినిమా. రాహీ అనిల్ బర్వే దర్శకుడు, ఆనంద్ గాంధీ సృజనాత్మక పర్యవేక్షణ. 2018 అక్టోబరు 12న విడుదలైంది. కళాదర్శకులు నితిన్ జిహానీ చౌదరి, రాకేశ్ యాదవ్, వీళ్లకు ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. ఏళ్ల తరబడి, వానాకాలాల కోసం కాచుకుని తీసిన సినిమా. కథ 1918లో మొదలై 1933 మీదుగా 1947కు వస్తుంది. కొంకణంలో ఎప్పుడూ వాన కురిసే ఊరు, శిథిలమైన వాడా, దాని అడుగున దేవత గర్భం, అందులో బంగారం కాపలా కాసే హస్తర్.

ఇక్కడ నేను మెచ్చింది గర్భం సెట్టును మాత్రమే కాదు. మాంసంలా ఎర్రగా, తడిగా, ఊపిరి తీసే గోడలు కట్టడం గొప్పే, అది చూడగానే తెలుస్తుంది. నేను ఇంకా ఎక్కువ మెచ్చింది వానను. వాన ఆ సినిమాలో నేపథ్యంలా పడదు. రాయి మీద నాచు, చెక్కలో చెమ్మ, తలుపులు ఉబ్బి బిగుసుకుపోవడం, గొలుసు మీద తుప్పు, అన్నిట్లో వాన ఉంటుంది. పుణెలోని ఇంటికి కథానాయకుడు వినాయక్ బంగారు నాణేలతో తిరిగొచ్చినప్పుడు ఆ ఇల్లు పొడిగా, రంగులతో ఉంటుంది. ప్రతి కాలంలో ఇంటి సామాను పెరుగుతుంది, తుంబాడ్ వాడా మాత్రం ఇంకాస్త కూలిపోతుంది. ఒక ఇల్లు తినిపిస్తోంది, మరో ఇల్లు తింటోంది. దురాశ గురించి ఎన్ని నీతికథలు విన్నా ఇంత ఒంటికి తగిలేలా నేను చూడలేదు. హస్తర్‌కు ఎరగా వేసే పిండిబొమ్మ కూడా సామానే. దాన్ని పిసికి చేసే చేతుల్లోని అలవాటు చూస్తే చాలు, వినాయక్ ఎన్నిసార్లు దిగాడో తెలుస్తుంది.

నితిన్ జిహానీ చౌదరి ఆ తర్వాత మన దగ్గరికే వచ్చారు. నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’కి ప్రొడక్షన్ డిజైనర్ ఆయనే. తుంబాడ్ తుప్పును కాశీ భవిష్యత్తుకు పట్టుకొచ్చాడని నేను సరదాగా అంటుంటాను.

బయటి దేశాల సినిమాల్లో మరో రెండు ఉన్నాయి, త్వరగా చెబుతాను. ‘ది ఫేవరిట్’ ఇంగ్లండు రాణి ఆన్ కథ. ఫియోనా క్రాంబీ, అలిస్ ఫెల్టన్ పనికి బాఫ్టా దక్కింది. 1611 నాటి హ్యాట్‌ఫీల్డ్ హౌస్‌లో ఎక్కువ భాగం తీశారు. పాత భవనం దొరికింది కదా అని సామానుతో నింపలేదు, తీసేశారు. పెద్ద పెద్ద గదుల్లో ఒక మంచం, కుందేళ్ల బోనులు, బోలెడంత ఖాళీ నేల. కెమెరామన్ రాబీ ర్యాన్ చాలా వెడల్పు లెన్సులు వాడాడు కాబట్టి ఒకే షాటులో కప్పూ నేలా రెండూ కనబడతాయి. ఏ మూలా దాచలేరు. ఆ ఖాళీలో గౌటు నొప్పితో కుంటే రాణి మరీ ఒంటరిదై కనిపిస్తుంది. ఆ గదుల మధ్య దొంగతలుపు ఎవరి చేతిలో ఉందో వాళ్లదే రాజ్యం.

‘బ్లాక్ పాంథర్’కు కళాదర్శకత్వంలో ఆస్కార్ తెచ్చిన హన్నా బీచ్లర్ ఆ విభాగంలో గెలిచిన తొలి ఆఫ్రికన్ అమెరికన్. వకాండా అనే లేని దేశానికి చరిత్ర, తెగలు, వీధులు, లిపి అన్నీ ముందే రాసి పెట్టుకుని కట్టింది. ఆ లిపికి నైజీరియా ప్రాంతపు పాత ‘న్సిబిది’ గుర్తులు ఆధారం. ఆకాశహర్మ్యాల నెత్తిన గుడిసెల కప్పులు పెట్టడం నాకు బాగా నచ్చిన ఆలోచన. వలసపాలన తగలకపోతే ఆఫ్రికా నగరం ఎలా పెరిగేదో అన్న ప్రశ్నకు జవాబు అందులో ఉంది. చివరి యుద్ధంలో అదంతా గ్రాఫిక్స్ కింద పడి నలిగింది, అది వేరే సంగతి. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ మీద తీసిన ‘ఫస్ట్ మ్యాన్’లో నేథన్ క్రౌలీ కట్టిన ఇరుకు వ్యోమనౌకలు, రివెట్లు కదిలే చప్పుడు వినిపించేంత దగ్గరగా ఉన్నాయి. అయినా నా తూకంలో కొద్దిలో జారిపోయింది.

కళాదర్శకత్వానికి మన జాతీయ అవార్డు ఆ ఏడాది మలయాళ చిత్రం ‘కమ్మారసంభవం’కు, వినేష్ బంగ్లాన్‌కు వెళ్లింది. స్వాతంత్ర్యానికి ముందు కాలం కథ ఒకసారి జరిగినట్టు, రెండోసారి అబద్ధపు సినిమాగా తీసినట్టు చూపే చిత్రమది. ఒకే చరిత్రకు రెండు రకాల గోడలు కట్టాలి. న్యాయమైన ఎంపికే, దాని మీద నాకు తగవు లేదు.

నా తీర్పు అడిగితే, మొదటి స్థానం ‘రోమా’కు. దాని వెంటే ‘తుంబాడ్’, ఆ తర్వాత ‘రంగస్థలం’. నాలుగు ‘ది ఫేవరిట్’కు, ఐదు ‘మహానటి’కి, ఆరు ‘బ్లాక్ పాంథర్’కు. ‘రంగస్థలం’ మూడో స్థానంలో ఉండటం మీలో కొందరికి చిన్నతనంగా తోచవచ్చు. ఆ పాటల రంగు తగ్గి ఉంటే ‘తుంబాడ్’ మీద గెలిచేదేమో.

ఇప్పుడు మొదట్లో వదిలిన మాట, పేర్లు తెలియని పనివాళ్ల సంగతి. ఆస్కార్ వాళ్లు ఈ విభాగంలో ప్రొడక్షన్ డిజైనర్‌తో పాటు సెట్ డెకరేటర్‌కు కూడా బహుమతి ఇస్తారు. గోడ కట్టినవాడికీ, గదిలో సామాను సర్దినవాడికీ ఇద్దరికీ. ‘బ్లాక్ పాంథర్’కు బీచ్లర్ పక్కన జే హార్ట్ కూడా వేదికెక్కాడు. మన దగ్గర ఆ రెండో పని చేసేవాళ్లు ప్రాపర్టీ శాఖలో ఉంటారు. పాత ట్రంకుపెట్టె, 1982 నాటి క్యాలెండరు, అరిగిన చెప్పులు, కిరసనాయిలు స్టవ్వు ఎక్కడెక్కడో వెతికి తెచ్చేవాళ్లు వాళ్లే. టైటిల్స్‌లో వాళ్ల పేర్లు చదివే లోపు పోతాయి, అసలు ఉంటేనే. అవార్డు కమిటీల్లో కూర్చునే పెద్దలు ఈ సభలో ఉన్నారు కాబట్టి నేరుగా అడుగుతున్నాను: రాష్ట్ర అవార్డుల్లో కళాదర్శకుడి పేరుతో పాటు సామాను సర్దిన ప్రధాన సహాయకుడి పేరు కూడా ధ్రువపత్రంలో రాయండి. డబ్బు ఖర్చయ్యే పని కాదు.

రెండో విన్నపం ఇక్కడున్న కుటుంబాలకు. పాత కళాదర్శకుల ఇళ్లలో స్కెచ్‌లు, సెట్టు ప్లాన్లు, స్టిల్సు అటకల మీద ఉన్నాయి. చెదలు పట్టి పోయినవి చాలా. ‘మాయాబజార్’ సెట్టు అసలు ఏ రంగులో ఉండేదో చెప్పగల కాగితం ఒక్కటి దొరికినా చరిత్రే. మీ ఇంట్లో అలాంటివి ఉంటే అమ్మకండి, పారేయకండి. స్కాన్ చేయించి ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకుని, అసలు కాగితాలను పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు అప్పగించండి. ఎలా అప్పగించాలో తెలియకపోతే సభ అయ్యాక నన్ను కలవండి.